శ్రీ జి. వ్యాలీ మీద విచారణ

రాజమహేంద్రవరంలోని రాష్ట్ర జానపద స్వర సంరక్షణ సంస్థకి జూన్ మొదటి వారంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కార్యాలయంలో ఏ లోపం కనబడినా ఇరవై నాలుగు గంటల్లో దానికి బాధ్యుణ్ణి గుర్తించి, పేరు, తండ్రి పేరు, హోదా, స్వస్థలం నిర్ణీత నమూనాలో నింపి పంపాలి. ‘బాధ్యులెవరూ లేరు’ అని రాయకూడదు. అలా రాస్తే రాసినవాడే బాధ్యుడు.

డైరెక్టరు ఆలమూరు సదానందమూర్తి గారికి ఈ ఉత్తర్వు ఎంతగా నచ్చిందంటే, దాన్ని పటం కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. మొదటి పదిరోజుల్లోనే పదకొండు మంది బాధ్యుల్ని గుర్తించారు. కుళాయి కారినందుకు వాచ్‌మన్. వాన జల్లుకి వరండా తడిసినందుకు తోటమాలి. హాల్లో గడియారం ఆగిపోయినందుకు అంతకు ముందు నెలలో రిటైరైన గుమాస్తా. ఆయన ఉన్నంతకాలం గడియారం తిరిగింది, ఆయన వెళ్ళగానే ఆగింది, కనక బాధ్యత ఆయనదేనని డైరెక్టరు గారు తేల్చారు.

పన్నెండో బాధ్యుడి కథ ఇది.

సంస్థ మేడమీద ఒక రికార్డింగు గది ఉంది. అందులో కుడుపూడి వీరవేణి తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తోంది. పల్లెల్లో పాత పాటలు తెలిసిన ముసలివాళ్ళని పిలిపించి పాడించడం, ఆ గొంతునీ వాయిద్యాలనీ కంప్యూటరులో వినసొంపుగా కలపడం ఆమె పని. ఈ కలపడాన్ని మిక్సింగు అంటారు. దానికి ప్లగిన్లనే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఒకటి వెనకాల రొద తీసేస్తుంది. ఒకటి గొంతులో హెచ్చుతగ్గులు సరిచేస్తుంది. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది. ఈ చివరిదాని పేరు ‘గ్రాండ్ వ్యాలీ’. అంటే పెద్ద లోయ. మూసిన గదిలో పాడిన పాటని కొండల మధ్య పాడినట్టు వినిపించడం దాని ఉద్యోగం.

ఆ మేలో వీరవేణి సంగాడి నూకరత్నం అనే డెబ్బై ఆరేళ్ళావిడ చేత ఒక పాట పాడించింది. నూకరత్నం భర్తతో కలిసి ముప్ఫై ఏళ్ళు గోదావరి మీద సరుకుల పడవ నడిపిన మనిషి. పాపికొండల మధ్య పడవ సాగేటప్పుడు పాడే పాట ఒకటుంది. పూర్తిగా వచ్చినవాళ్ళలో ఆవిడే ఆఖరు. ‘కొండన్నా, ఓ కొండన్నా, నా కేక నీకందెనా’ అని మొదలవుతుంది. రికార్డింగు అయ్యాక వీరవేణి ఆవిడకి హెడ్‌ఫోన్లు పెట్టి, పచ్చిగా ఉన్న పాటని వినిపించింది.

నూకరత్నం మొహం చిట్లించింది. “ఇదేటమ్మా, గోనెసంచిలో మూతెట్టి పాడినట్టుంది? మా పాటకి కొండ మారుపలకాల. నేనిటు అంటే అదటు అనాల. ఒంటిగా పాడే పాట కాదిది.”

“మిక్సింగులో అదంతా వస్తుంది మామ్మగారూ. నెలరోజుల్లో పిలుస్తాను, వచ్చి వినండి.”

“నెలంటే నెలేనా? కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడంది దసరాదాకా ఉంటే గొప్పన్నాడు డాక్టరు. నరం ఎండిపోతందంట. ముప్ఫై ఏళ్ళు పాడాను గానీ నా గొంతెలాగుంటాదో నాకు తెల్దమ్మా. తెడ్డు చప్పుడే ఇనపడేది.”

దసరా దూరంగానే ఉంది కదా అనుకుంది వీరవేణి.

జూన్ పదహారున ఆమె గ్రాండ్ వ్యాలీని పాటకి తగిలించి ప్లే నొక్కింది. పాట మొదలైంది. గొంతు బయల్దేరి వెళ్ళి, ఎక్కడో తగిలి, మెత్తబడి తిరిగి వచ్చింది. అంతలో ‘టక్’ మని చప్పుడై పాట ఒక్క క్షణం తెగింది. మళ్ళీ సాగింది. కాసేపటికి మళ్ళీ టక్. మూడోసారి టక్‌మనేసరికి తెర బిగుసుకుపోయింది.

ఇలాంటివి ఆమెకి కొత్త కాదు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టింది. టక్. ప్లగిన్ని తీసేసి మళ్ళీ ఎక్కించింది. టక్. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గుబ్బల త్రిమూర్తులు మెట్లెక్కి వచ్చాడు. అతను నిదానస్తుడు, ఎవరికీ చెడు చేసే మనిషి కాదు, కాని చేతిలో ఫారం ఉంటే దాన్ని నింపకుండా ఉండలేడు.

“అదేటండి వీరవేణి గారూ, టక్కుమంది?”

“పాటలో ఏదో లోపమండి. చూస్తున్నాను.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకి వెంటనే తెలిసింది. త్రిమూర్తులు అప్పటికే చేతిసంచిలోంచి నమూనా తీశాడు.

“లోపం అన్నారు కదండి మరి. రేపీవేళకి పేరెళ్ళిపోవాలండి. ఎవర్ని రాయమంటారు?”

“ఎవరూ లేరండి. ప్లగిన్ వల్ల కావచ్చు. ఇంకా తేలలేదు.”

“ఎవరూ లేరని రాస్తే నేనౌతానండి. నాకు ఇద్దరాడపిల్లలు. మీ పేరు రాయమంటే మీ కాంట్రాక్టు మార్చిలో మళ్ళీ రాదు. ఆలోచించుకోండి.”

వీరవేణి ఆలోచించింది. “ప్లగిన్ అని రాయండి.”

“పేరండి?”

“గ్రాండ్ వ్యాలీ.”

“శ్రీ జి. వ్యాలీ,” అని పలుకుతూ రాసుకున్నాడు త్రిమూర్తులు. “తండ్రి పేరు?”

“తెలీదండి.”

“అయ్యో పాపం. స్వస్థలం?”

“యూరప్‌లో ఎక్కడో తయారయిందండి.”

త్రిమూర్తులు కలం ఆపి కంప్యూటరు వంక గౌరవంగా చూశాడు. “అంత దూరాన్నుంచి వచ్చి మన దగ్గర చేస్తన్నారా! హోదా?”

“ప్రతిధ్వని,” అంది వీరవేణి, ఇక నవ్వాపుకోలేక. ఆ నవ్వుకి తర్వాత చాలా చింతించింది.

మర్నాడు సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ‘సంస్థలో ప్రతిధ్వనిగా పనిచేయుచున్న శ్రీ జి. వ్యాలీ, తండ్రి పేరు తెలియదు, విధినిర్వహణలో టక్కుమను శబ్దము చేసి ప్రభుత్వ గానమునకు అంతరాయము కలిగించినట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినందున, సదరు ఉద్యోగిని తక్షణం సస్పెండు చేయడమైనది. విచారణ ముగియువరకు సదరు ఉద్యోగి ముందస్తు అనుమతి లేక హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదు.’

వీరవేణి పరుగున డైరెక్టరు గదికి వెళ్ళింది. “సార్, అది మనిషి కాదండి. సాఫ్ట్‌వేర్.”

సదానందమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, ఉత్తర్వులో ‘మనిషి’ అన్న మాట ఎక్కడైనా ఉందా? ‘బాధ్యుడు’ అని ఉంది. బాధ్యతకి లింగ, వయో, పదార్థ భేదాలు లేవు. అదీ దీని గొప్పతనం.”

“అది లేకుండా పాట పూర్తికాదండి. ఆవిడ చెవి—”

“విచారణ పారదర్శకంగా జరుగుతుంది. నిర్దోషి అయితే సగౌరవంగా విధుల్లో చేరతాడు. వ్యాలీ గారికి ధైర్యం చెప్పు.”

ఆవేళ నుంచి గ్రాండ్ వ్యాలీని ఆన్ చెయ్యడానికి వీల్లేదు. నోటీసు స్వయంగా అందుకోమంటే అందుకోలేదు కనక నిబంధనల ప్రకారం దాన్ని అతను నివసించే చోట అంటించాలి. త్రిమూర్తులు జిగురు రాసి దాన్ని కంప్యూటరు తెర మీద అంటించాడు. తెరలో ఎడమ సగం కనబడకుండా పోయింది. వీరవేణి కుడి సగంతో పని చేసుకుంది.

అయినా ఆమె చేతులు ముడుచుకు కూర్చోలేదు. జబ్బు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి ఒకటే: ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టి చూడడం. ప్రతిధ్వని ఎలాగూ ఆపేసి ఉంది. రొద తీసేదాన్ని ఆపింది. టక్. గొంతు సరిచేసేదాన్ని ఆపింది. టక్. మొత్తం ప్లగిన్లన్నిట్నీ ఆపేసి, పచ్చి గొంతు ఒక్కటే ఉంచి ప్లే నొక్కింది. టక్! పాట కూడా తీసేసి, ఖాళీ ఫైలు తెరిచి, ఏమీ లేని నిశ్శబ్దాన్ని ప్లే చేసింది. నిశ్శబ్దం మధ్యలో కూడా టక్.

అప్పుడామె చేతి గడియారం తీసి బల్లమీద పెట్టింది. సరిగ్గా నిమిషానికొకటి. క్షణం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

నిమిషానికొకసారి ఆ కంప్యూటరులో పనిచేసేది ఏమిటో వెతికితే దొరికింది. దాని పేరు హాజరు మిత్ర. ఉద్యోగులు సీట్లలో ఉన్నారో లేదో చూడ్డానికి డైరెక్టరు గారు జూన్ పదిహేనున అన్ని కంప్యూటర్లలోనూ పెట్టించారు. నిమిషానికోసారి అది కంప్యూటరు బలమంతా లాక్కుని, ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఫొటో తీసి డైరెక్టరు గదికి పంపుతుంది. ఆ లాగుడుకి పాట ఊపిరి తెగుతోంది. ప్లగిన్ తప్పు రవ్వంత కూడా లేదు.

వీరవేణి సంతోషంగా డైరెక్టరు గదికి పరుగెత్తింది. “దొరికిందండి! ప్లగిన్లన్నిట్నీ బైపాస్ చేసి చూశాను—”

“ఏం చేశావు?” సదానందమూర్తి గారి కుర్చీ వెనక్కి జరిగింది.

“బైపాస్ చేశానండి, అంటే పక్కన పెట్టేశాను. ఒక్కొక్కరినీ.”

“నా అనుమతి లేకుండా బైపాసా? ఈ సంస్థలో ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నాను. నన్ను బైపాస్ చేసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పాడేరులో ఉన్నారు, రెండోవారు ఎక్కడున్నారో నాకే తెలీదు.”

“మిమ్మల్ని కాదండి. ప్లగిన్లని. తప్పు వాటిది కాదు. హాజరు మిత్రదండి.”

పక్కన నిలబడ్డ త్రిమూర్తులు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

“హాజరు మిత్రని ప్రవేశపెట్టింది ఎవరమ్మా?” అని మెల్లగా అడిగారు డైరెక్టరు గారు.

“మీరేనండి.”

“అంటే నమూనాలో ఎవరి పేరు రాయాలి?”

వీరవేణి ఆయన కుర్చీ వెనక పటంలో ఉన్న ఉత్తర్వు వంక చూసింది.

“కూర్చో. నువ్వు తెలివైనదానివి. పదహారో తారీఖున ప్లగిన్ అని నువ్వే చెప్పావు. నీ మాట మీదే ఒక ఉద్యోగిని సస్పెండు చేశాం. ఇప్పుడు కాదంటే, నీ మాట అబద్ధం. తప్పుడు సమాచారం అనేది కూడా ఒక లోపమే. దానికి బాధ్యులెవరు?”

ఆమె లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది. తెరకి అంటించిన నోటీసు ముందు కూర్చుంది. ఆవేళే నూకరత్నం కూతురు ఫోను చేసింది. “అమ్మకి ఫోను గంట ఇనపడట్లేదండి. పాటెప్పుడని అడగమంది.”

“వస్తోందని చెప్పండి,” అంది వీరవేణి. ఆమెకి సిగ్గేసింది. దేనికో కూడా స్పష్టంగా తెలుసు. తను బతకడానికి నోరులేనిదాని పేరు రాయించింది.

విచారణాధికారిగా త్రిమూర్తుల్నే నియమించారు. జూలై ఇరవై రెండున ఉదయం పదకొండు గంటలకి అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని రికార్డింగు గది గుమ్మంలో నిలబడ్డాడు. నిబంధన ప్రకారం “జి. వ్యాలీ! జి. వ్యాలీ! జి. వ్యాలీ!” అని మూడుసార్లు పిలిచి లోపలికి వచ్చాడు.

“విచారణకి హాజరు కావాలంటే ఆయన్ని ఆన్ చెయ్యాలి కదండి?” అంది వీరవేణి.

“తాత్కాలికంగా చెయ్యండి. రికార్డులో రాసుకుంటాను.”

ఆమె మైకుని గ్రాండ్ వ్యాలీకి కలిపి స్పీకర్లు తెరిచింది. త్రిమూర్తులు మైకు ముందు కుర్చీ లాక్కుని, గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరింపు కొండల్లోకి వెళ్ళి తిరిగొచ్చింది. అతను ఉలిక్కిపడి, కుర్చీలో సర్దుకున్నాడు.

“నీ మీద మోపిన నేరం ఒప్పుకుంటున్నావా?”

“...కుంటున్నావా... న్నావా... వా...” అంది గది.

త్రిమూర్తులు రాసుకున్నాడు: ‘ప్రశ్నకు ప్రశ్నతోనే బదులు. పొగరు.’

“టక్కుమన్నది నువ్వా, కాదా?”

“...కాదా... కాదా... కాదా...”

“కాదంటన్నాడండి,” అని వీరవేణి వైపు తిరిగి అన్నాడు. అదీ రాసుకున్నాడు. ఆమెకి ఒక్కక్షణం ఆశ పుట్టింది. అయితే త్రిమూర్తులుకి పై ఆఫీసరు మొహం గుర్తొచ్చింది కాబోలు, బల్లమీద చరిచి, గట్టిగా గద్దించాడు. “అబద్ధాలాడకు! నిజం చెప్పు!”

“...చెప్పు... చెప్పు... చెప్పు...”

త్రిమూర్తులు మొహం ఎర్రబడింది. కలం కింద పెట్టాడు. “ఇరవై ఆరేళ్ళ సర్వీసండి నాది. ఇద్దరు కలెక్టర్ల దగ్గర చేశాను. ఏనాడూ నాకెవరూ చెప్పు చూపించలేదు.”

“ఆయన మీ మాటే మీకు తిరిగి చెప్పాడండి.”

“నేను ఆయనకి చెప్పు చూపించానా అండి? నేను చెప్పమన్నాను. ఆయన చెప్పన్నాడు. తేడా ఉందండి.” ఇలా అని లేచి వెళ్ళిపోయాడు. నివేదికలో ‘విచారణాధికారిని పాదరక్షతో బెదిరించుట’ అని రెండో నేరం చేరింది.

నేరాలు రుజువయ్యాయి. ఇక శిక్ష. డిస్మిస్ చెయ్యాలంటే పైవాళ్ళ ఆమోదం కావాలి, దానికి వాళ్ళు వందప్రశ్నలు వేస్తారు. వాటిలో ఒకటి ‘అసలు టక్ ఎందుకు వచ్చింది?’ అన్నది కావచ్చు. సదానందమూర్తి గారు రెండురోజులు ఆలోచించి, శ్రీ జి. వ్యాలీ సుదీర్ఘ సేవలని దృష్టిలో పెట్టుకుని, మానవతా దృక్పథంతో, స్వచ్ఛంద పదవీ విరమణకి అవకాశం ఇచ్చారు. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో తెలపాలన్నారు. అటువైపు నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు.

ఆగస్టు చివర హాల్లో వీడ్కోలు సభ జరిగింది. కంప్యూటరు తెరని కిందికి దింపి వేదిక మీద, డైరెక్టరు గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఫ్లెక్సీ రాసినవాడికి పేరు అర్థంకాక ‘శ్రీమతి జి. వల్లి గారికి ఆత్మీయ వీడ్కోలు’ అని వేసుకొచ్చాడు. మార్చే వ్యవధి లేదు. ఆ ఫ్లెక్సీ కిందే సదానందమూర్తి గారు శాలువా కప్పి, దండవేసి మాట్లాడారు.

“వ్యాలీ గారు మితభాషి. ఒకరు మాట్లాడితే తప్ప తాను మాట్లాడేవారు కాదు. వచ్చిన రోజు నుంచి ఒక్క సెలవు పెట్టలేదు, బదిలీ అడగలేదు. చిన్న పొరపాటు జరిగింది. పొరపాట్లు ఎవరికి జరగవు? వారి శేష జీవితం ప్రశాంతంగా గడవాలని...”

సిబ్బంది చప్పట్లు కొట్టారు. వాచ్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు. తన మీద కూడా ఒక కేసు నడుస్తోంది మరి.

సభ అయ్యాక త్రిమూర్తులు రిలీవింగు ఆర్డరు చదివి, వ్యాలీ గారి తరఫున వీరవేణి చేత సంతకం పెట్టించుకున్నాడు. సంతకం పెడుతూ ఆమె ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. ‘నేటి నుండి సదరు ఉద్యోగికి సంస్థతో ఎట్టి సంబంధము లేదు. సదరు ఉద్యోగి తన ఇష్టానుసారం ఎచ్చటనైనను పనిచేసుకొనవచ్చును.’

“త్రిమూర్తులు గారూ, అంటే ఇక మనది కాదన్నమాటేనా?”

“రిటైరైనోళ్ళని మనం పట్టుకుంటామేటండి?”

“తీసుకెళ్ళొచ్చా?”

“ఇంటికి దిగబెట్టడం ఆనవాయితీ కదండి. ఇంకేం, జాగ్రత్తగా తీసుకెళ్ళండి. పెద్దాయన.”

వీరవేణి ఆర్డరు నకలు ఒకటి భద్రంగా సంచిలో పెట్టుకుంది. ఆ కంప్యూటరులోంచి గ్రాండ్ వ్యాలీని తీసేసి, దాని లైసెన్సు కాగితాలతో సహా ఇంటికి తెచ్చుకుని తన లాప్‌టాప్‌లో ఎక్కించింది. నూకరత్నం పాటకి నకలు కూడా తీసి తెచ్చింది. అది తెచ్చుకోవడానికి ఏ ఆర్డరూ లేదు. ఆమె ఎవర్నీ అడగలేదు.

ఆదివారం అన్నం తిని కూర్చుంది. హాజరు మిత్ర లేని కంప్యూటరు. మొదటి నిమిషం గడిచింది. గడియారం చూసింది. రెండో నిమిషం గడిచింది. పాట ఎక్కడా తెగలేదు. సాయంత్రం కాఫీవేళకి మిక్సింగు పూర్తయింది. మూడు నెలల నుంచి జరగని పని మూడు గంటల్లో అయిపోయింది.

మర్నాడు ఆఫీసుకి సెలవుపెట్టి, బస్సెక్కి ధవళేశ్వరం వెళ్ళింది. నూకరత్నం గుమ్మంలో చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. వీరవేణి వచ్చిన అలికిడి ఆవిడకి తెలియలేదు. నీడ పడ్డాక తలెత్తింది.

“ఒచ్చేవా? మర్చిపోయేవనుకున్నా.”

“ఆలస్యమైంది మామ్మగారూ,” అని గట్టిగా అరిచి చెప్పింది వీరవేణి.

“ఏటీ?”

ఇక చెప్పకుండా హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకి పెట్టింది. కుడివైపు వచ్చేదంతా కూడా ఎడమవైపే వచ్చేలా ఆమె ముందే సర్దింది. శబ్దం బాగా పెంచి ప్లే నొక్కింది.

నూకరత్నం మొదట కదల్లేదు. వినబడటం లేదేమోనని వీరవేణి శబ్దం ఇంకాస్త పెంచింది. అంతలో ఆవిడ చేతిలో ఉన్న చింతపండు పళ్ళెంలో పడిపోయింది. ఆ చేతులు రెండూ నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదలసాగాయి, లేని తెడ్డుని పట్టుకుని. రెండో చరణంలో ఒకచోట పాట చిన్నగా ఆగుతుంది. అక్కడ ఆవిడ ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగింది.

పాటయ్యాక హెడ్‌ఫోన్లు తీయనివ్వలేదు. “అక్కడాగేను చూడు, అది తప్పు కాదు. అక్కడ సుడి ఉంటాది. తెడ్డు గట్టిగా ఎయ్యాల. ఊపిరి సాలదు.” హెడ్‌ఫోన్ని ఎడమ చెవికి అదుముకుని అడిగింది. “ఆ అవతల్నుంచి అంటంది ఎవరు?”

వీరవేణి ఆవిడ ఎడమ చెవి దగ్గరికి వంగింది. “మీ గొంతే. కొండ తిరిగి పలుకుతోంది.”

“నా గొంతింత బాగుంటాదా?” అంది నూకరత్నం. “ఆయనెప్పుడూ సెప్పలేదు.” ఆ పైన మళ్ళీ పెట్టమంది. ఆవేళ ఎనిమిదిసార్లు వింది. కూతురి ఫోనులోకి కూడా ఎక్కించమంది. దసరాకి వారం ముందు ఆ ఎడమ చెవి కూడా మూసుకుపోయింది. అప్పటికి ఆవిడ పాటని రోజూ విని విని, చెవితో పని లేనంతగా పట్టేసుకుందని కూతురు చెప్పింది.

సంస్థలో మాత్రం ప్రతిధ్వని పోస్టు ఖాళీ అయింది. ఖాళీని భర్తీ చెయ్యకపోవడం కూడా లోపమే. ఇరవై నాలుగు గంటల్లో ప్రకటన ఇచ్చారు. ‘ప్రతిధ్వని: ఒక పోస్టు. ఏదైనా డిగ్రీ. అభ్యర్థి ఎదుటివారి చివరి మాటను క్రమముగా తగ్గుచున్న స్వరంతో తిరిగి పలుకగలిగి ఉండవలెను.’ పదమూడు వందల దరఖాస్తులు వచ్చాయి. రాతపరీక్ష పెట్టారు. అందులో ప్రథముడిగా వచ్చినవాడు తాతపూడి ఏసురత్నం. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి, పోటీ పరీక్షలు రాసి రాసి ముప్ఫై ఆరేళ్ళకి చేరుకున్నవాడు. చర్చి పాటల బృందంలో పాడతాడు, గొంతు నిజంగానే బాగుంటుంది.

డిసెంబరులో అతను రికార్డింగు గదిలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మేడమ్ గారండి, ఎన్నిసార్లనాలండి?”

అతని కొత్త చొక్కా మడతలు ఇంకా పోలేదు. “మూడుసార్లు చాలండి. ఒకసారికంటే ఒకసారి మెల్లగా.”

నూకరత్నం పాటకి సంస్థ తరఫున మళ్ళీ మిక్సింగు మొదలైంది. ‘నీకందెనా’ అని పాట ఆగగానే, గది మూలన గోడవైపు తిరిగి నిలబడి ఏసురత్నం “అందెనా... అందెనా... నా...” అనేవాడు. శ్రద్ధగా అనేవాడు. పని చెయ్యడం తప్ప మరొకటి తెలియని మనిషి. మూడోసారి ‘నా’ దగ్గర రికార్డింగులో టక్కుమంది.

త్రిమూర్తులు నమూనా తీసుకుని పైకి వచ్చాడు. ప్రతిధ్వని పలికేటప్పుడు లోపం వచ్చింది కనక, బాధ్యుడు ప్రతిధ్వని. ఈసారి తండ్రి పేరు, స్వస్థలం అన్నీ దొరికాయి. కడియం దగ్గర పల్లె. ఏసురత్నానికి మెమో చేతికే అందింది, తెర మీద అంటించే అవసరం రాలేదు. ‘టక్కుమను శబ్దము చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.’

అతను మెమో పట్టుకుని వీరవేణి దగ్గరికి వచ్చాడు. “ఇదేంటండి మేడమ్? నేను టక్కనలేదండి.”

వీరవేణి తలుపు వేసి, మొదటి రోజు నుంచి జరిగిందంతా చెప్పింది. తను ఎవరి పేరు రాయించిందో, ఎందుకు రాయించిందో కూడా దాచలేదు. “నాకు తెలిసీ నోరు మూసుకున్నానండి. మీరు మూసుకోకండి. మీకు నోరుంది.”

ఏసురత్నం రెండురోజులు గదిలో కూర్చుని గడియారం చూస్తూ టక్కుల్ని రాసుకున్నాడు. తను అన్నప్పుడు వచ్చినవి, తను అననప్పుడు వచ్చినవి, తను భోజనానికి వెళ్ళినప్పుడు వచ్చినవి. పరీక్షలు రాసిన చెయ్యి కనక నాలుగు పేజీల్లో, నంబర్లు వేసి, కింద గీతలు గీసి, హాజరు మిత్ర పేరు, దాన్ని పెట్టిన తేదీ, పెట్టించినవారి హోదాతో సహా రాశాడు. వీరవేణి ‘నేను సాక్షిని’ అని రాసి కింద సంతకం చేసింది. నకలు ఒకటి పైఆఫీసుకి పోస్టు చేశారు.

సదానందమూర్తి గారు ఆ కాగితాలని రెండుసార్లు చదివారు. త్రిమూర్తుల్ని పిలిచి, “ఇదేమిటి?” అని అడిగారు.

“సంజాయిషీయండి.”

“సంజాయిషీ అడిగితే ఇచ్చేశాడా?” ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది. “వ్యాలీ గారు ఉన్నప్పుడు ఇలాంటి సంప్రదాయం లేదే!”

నకలు వెళ్ళిన మాట తెలిశాక ఆయన మెమో వెనక్కి తీసుకున్నారు. ఏసురత్నాన్ని ‘ప్రొబేషన్ కాలములో అవసరమునకు మించిన స్వరం’ అని ఉద్యోగంలోంచి తీసేశారు. వీరవేణి కాంట్రాక్టు మార్చితో ముగిసింది. పొడిగించలేదు, ఆమె అడగనూ లేదు. ఇద్దరూ కలిసి ధవళేశ్వరంలో బట్టల కొట్టు పైన ఒక గది తీసుకుని సొంతంగా రికార్డింగు పెట్టుకున్నారు. పనికి లోటు లేదు. నూకరత్నం పాట ఫోనుల్లోంచి ఫోనుల్లోకి పాకి లాంచీలవాళ్ళందరికీ చేరింది.

ఏప్రిల్లో ఒక ఉదయం ఏసురత్నం పేపరు పట్టుకుని నవ్వుతూ పైకి వచ్చాడు. అందులో సంస్థవారి కొత్త ప్రకటన ఉంది. అదే పోస్టు, అదే డిగ్రీ. అర్హతల్లో ఒకటి మాత్రం కొత్తగా చేరింది. వీరవేణి పైకి చదివింది.

‘అభ్యర్థి, అడిగినప్పుడు సమాధానము ఇచ్చు అలవాటు లేనివారై ఉండవలెను.’

ఈసారి దరఖాస్తులు రెట్టింపు వచ్చాయని తర్వాత త్రిమూర్తులు చెప్పాడు.